ఎనభై దాటకుండా

గేటు దాకా వెళ్లి రోడ్డు చూసి షెడ్డులోకి తిరిగొచ్చింది రాజకుమారి. వచ్చి కూర్చోలేక మళ్లీ లేచింది. నెల్లిమర్ల వైపు నుంచి వచ్చేవన్నీ వస్తున్నాయి, ఆటోలు వస్తున్నాయి, ఇసక ట్రాక్టరు వస్తోంది, గేదెల్ని తోలుకుంటూ ఓ ముసలాయన కూడా తీరుబడిగా వస్తున్నాడు, రావలసింది ఒక్కటే రావడం లేదు. గరివిడి దాకా వెళ్లి వెనక్కి తిప్పేస్తాను, నీ టీ చల్లారే లోపల వచ్చేస్తాను అని వెళ్లాడు మొగుడు తిరుమలరావు. టీ చల్లారి మీగడ కట్టింది, ఈగ పడింది, పారబోసింది. ఫోను చేస్తే షెడ్డు లోపల మేకుకి తగిలించిన చొక్కా జేబులో మోగింది. మహానుభావుడు కొత్త చొక్కా తొడుక్కుని పాతదాంట్లో ఫోను వదిలేశాడు, పెళ్లికొడుకులా ముస్తాబై వాళ్ల నాన్న కారెక్కి పోయాడు. ఆ కారు గంటకి ఎనభై కిలోమీటర్లు దాటదని ఆయనకి తెలియదు. అది రాజకుమారికీ, ఈ షెడ్డులో కారు తయారుచేసిన లాప్‌టాప్ నవీనుకీ, పైన పైడితల్లమ్మకీ మాత్రమే తెలుసు.

కారు గేటు దాటాక వైర్లు చుట్టుకుంటూ నవీను మామూలుగానే అన్నాడు, బావగారికి చెప్పారు కదక్కా, ఎనభై దగ్గర పెట్రోలు తెగిపోద్ది, లారీల్ని దాటేటప్పుడు చూసుకోమని. ఆ మాట ముందే ఒకసారి చెప్పానని కూడా అన్నాడు. చెప్పే ఉంటాడు. అప్పుడామె చింతపండుతో గేరు గుండు తోముతోంది, కళ్లూ చెవులూ అన్నీ ఆ ఇత్తడి మీదే ఉన్నాయి, ఊఁ అంది. బావగారికి తెలుసు కదా అని అంతకుముందు అడిగినప్పుడు కూడా తలే ఊపింది. ఒక ఊఁ, ఒక తల ఊపు, అంతే తను చేసింది, అంతకు మించి అబద్ధం కూడా ఆడలేదు. తెలియదురా అని ఇవాళ నోరు విడిచి చెప్పేసరికి కుర్రాడి మొహం తెల్లబోయింది. ఎదురుగా బస్సొస్తోంటే, పక్కన లారీ ఉంటే, ఇంకాస్త తొక్కితే దాటిపోతాననుకుని తొక్కుతారక్కా, బండి రాదు, అంటూనే బైకు తీశాడు. గాజువాక కుర్రాడు, ఇంజన్లతో మాట్లాడతాడని పేరు, హెల్మెట్టు కూడా మర్చిపోయి పోయాడు. వాడు వెళ్లిపోయాక షెడ్డులో ఎవరూ లేరు, మేకుకి చొక్కా, గోడవారన పాత ఇంజను, తను.

ఎనభై ఎందుకన్నావే రాజీ, వందంటే పోయేది కదా. కానీ తిరుమలరావు నాన్న, తన మావయ్య కాలంలో ఆ అంబాసిడర్ ఎనభై దగ్గరికి వస్తే ఒళ్లంతా వణికేది, అద్దాలు గలగలమనేవి, ఇంక చాల్రా అని అదే చెప్పేది, అందుకని నోట ఎనభై వచ్చింది. పైడితల్లమ్మ చదురుగుడిలో నిలబడి పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి ముడుపు కట్టి, ఈ కారు ఎప్పటికీ ఎనభై దాటదు తల్లీ, నా మనిషిని నాకుంచు అని మొక్కుకుంది. జుట్టిస్తానని మొక్కుకుంటారు, కాలినడకన వస్తానని మొక్కుకుంటారు, ఎవరి ఒంటి మీద వాళ్లు మొక్కుకుంటారు. తను మొగుడి కాలి మీద మొక్కుకుంది. ఆ కాలు అమ్మవారి మాట వింటుందో లేదోనని మళ్లీ నవీను దగ్గరికి వెళ్లి, ఎనభై దాటకుండా దీనికి చెప్పొచ్చా అని అడిగింది. లాప్‌టాప్‌లో ఒక్క నంబరు కొడితే చాలక్కా అన్నాడు వాడు. కొట్టాడు. తల్లి మీద నమ్మకం ఉంటే లాప్‌టాప్ ఎందుకే నీకు, లాప్‌టాప్ మీద నమ్మకం ఉంటే తల్లి ఎందుకే, రెండు చోట్లా పని చెప్పి వచ్చావు కదా, ఇప్పుడెవర్ని అడుగుతావు.

భయం మాత్రం ఊరికే పుట్టలేదు. ఆయన కుడికాలిలో స్టీలు కడ్డీ ఉంది. డెంకాడ మలుపు దగ్గర మోటారు సైకిలు మీద ఎవరితోనో పందెం వేసుకుని తెచ్చుకున్న కడ్డీ అది, చలికాలం వస్తే సలుపుతుంది, రాత్రి పడుకున్నాక దాన్ని తడుముకుని అమ్మయ్య ఉన్నాది అని నవ్వుతాడు. బుద్ధి రాలేదు. బజార్లో ఇత్తడి బిందెలు అమ్ముకునే మనిషికి గాల్లో ఎగరాలని ఏం కోరికో. ఆ కాలు కింద పాత ఇంజనుంటే భయం ఉండేది కాదు. పాతదాన్ని సముద్రం తినేసింది, కొత్తది కావాలన్నారు, టర్బో అన్నారు, ముందు చక్రాలకి డిస్కు బ్రేకులన్నారు, చిటికెనవేలితో తిరిగే స్టీరింగన్నారు. ఇంజను ఎక్కడిదిరా అంటే కొత్త కారుదేనక్కా, యాక్సిడెంటైంది, వెనకాల నలిగిపోయింది గానీ ఇంజనుకి గీత కూడా పడలేదు అన్నాడు నవీను ఆనందంగా. లోపల కూర్చున్నవాళ్ల సంగతి ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు, అడిగితే వాళ్ల పేర్లు తెలుస్తాయని భయపడింది. ఆ మర్నాడే గుడికి వెళ్లింది. తప్పా? ఇప్పుడు చూస్తే తప్పే, అప్పుడు మాత్రం గుండె మీంచి బండ దించినట్టయింది, వచ్చి కడుపునిండా అన్నం తిన్నది.

అంబులెన్సు. ఆ కూత దూరాన్నుంచి వచ్చి, పెద్దదై, గేటు ముందునుంచే నెల్లిమర్ల వైపు పోయింది. ఎవరికో నొప్పులొచ్చి ఉంటాయి. ఆ వైపు ఊళ్లు లేవా, ఊళ్లలో కడుపుతో ఉన్నవాళ్లు లేరా, అన్నీ మన ఇంటికేనా అని తనని తనే కసురుకుంది, కసురుకుంటూనే గేటు కమ్మీ గట్టిగా పట్టుకుంది. ఆ కమ్మీ ఎండకి కాలుతోంది, చెయ్యి తియ్యలేదు.

చిన్నప్పుడు ఇలాగే గేటు పట్టుకుని నిలబడేది, కారు కోసమే. ధర్మారావు మావయ్య కారు ఊరి మొదట్లో ఉండగానే చప్పుడు తెలిసేది, మాయ్య వచ్చీనాడు అని అందరికంటే ముందు తనే అరిచేది. విజయనగరం బజార్లో ఇత్తడి కొట్టు ఆయనది, చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్లైనా గంగాళం ఆయన కొట్లోంచి వెళ్లాలి, పెళ్లికూతురు ఆయన కారులో వెళ్లాలి. కారు ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు, తనే తోలేవాడు. బూడితి కంచరి చేత ప్రత్యేకంగా పోయించుకున్న ఇత్తడి గుండు గేరు కర్రకి తగిలించుకుని, దాని మీద అరచెయ్యి వేసుకుని, మనిషి నడకకి కాస్త ఎక్కువగా పోనిచ్చేవాడు. మగపెళ్లివారు జీపులోంచి తలలు బయటపెట్టి ఏమిటా నత్తనడక అని గోల పెడితే వినిపించుకునేవాడు కాదు. ఎందుకు మావయ్యా అంత నెమ్మది అని తనొకసారి అడిగింది. పిల్ల ఏడుస్తాది కదే, అత్తోరూరు ఎల్లేతలికి ఆ ఏడుపు అయిపోవాల, కళ్లు తుడుసుకోడానికి టైం ఉండాల అన్నాడు. నీ పెళ్లికి ఇంకా నెమ్మదిగా తోల్తానులే, నీది పెద్ద గొంతు అన్నాడు. వెనక సీట్లో బావ తిరుమలరావు పకపకా నవ్వాడు. అప్పటికే ఇద్దరికీ పెళ్లి చెయ్యాలని ఇళ్లలో అనుకుంటున్నారు, ఆ నవ్వుకి తనకి ఒళ్లు మండిపోయింది.

అత్తారింటికి ఆ కారులో మాత్రం తను వెళ్లలేదు. పిల్ల ఒకతిని సముద్రమొడ్డున భావనపాడులో అత్తారింట దింపడానికి వెళ్లిన రోజున తుపాను పట్టింది. సరుగుడు తోపులో కారు పెట్టి మావయ్య బడిలో తలదాచుకున్నాడు, తెల్లారేసరికి తోపూ లేదు కారూ లేదు, ఇసక, నీళ్లు. తడిసిన పంచెతో ఎవరిదో లారీ ఎక్కి వచ్చి గుమ్మంలో నిలబడి, పిల్లని దింపీసినాను అని ఒక్క మాటన్నాడు. కారు మాట ఆ తర్వాత పోయేదాకా ఎత్తలేదు, ఇంకో కారు కొనలేదు, తన పెళ్లి జీపులో జరిగిపోయింది. ఆ జీపు డ్రైవరు ఎంత దూకుడుగా పోనిచ్చాడంటే ఏడుపు మొదలెట్టేలోపే అత్తారిల్లు వచ్చేసింది, ఆ ఏడుపు ఎక్కడో లోపల అలాగే ఉండిపోయింది కాబోలు.

ఈమధ్య వచ్చిన తుపానుకి ఇసక దిబ్బ కోసుకుపోయి కారు బయటపడింది. ఎవరో గట్టుకి ఈడ్చి పడేస్తే అందులో కోళ్లు కాపురం పెట్టాయి. దేవుడి దీపాలు ఇవ్వడానికి ఆ ఊరెళ్లిన బావ, కోడిపెట్టని అదిలించి లోపలికి తొంగి చూశాడు, పచ్చగా చిలుం పట్టిన ఇత్తడి గుండు కనపడింది. అక్కణ్నుంచి ఫోను చేసి మాట్లాడలేకపోయాడు, అరేయ్ అరేయ్ అంటాడే తప్ప. పైకప్పూ, రెండు తలుపులూ, ఆ గుండూ తప్ప తక్కినదంతా ఉప్పు తినేసింది. బజార్లో జనం ఊరుకుంటారా, కొత్త కారు చేయించుకుని నాన్న పేరు పెట్టుకున్నావురా తిరుమలా అని ఆటపట్టించారు. నవ్వాడు గానీ ఆ మాట ఆయనకి ముల్లులా గుచ్చుకుంది, ఆమెకి తెలుసు. రాత్రిళ్లు అడిగేవాడు, ఇంజను మారిపోనాది, చక్రాలు మారిపోనాయి, ఇది నాన్న కారేనంటావా రాజీ. అవును బావా పడుకో అనేది.

చప్పుడుంటే ఎంత బాగుండేది. ఆ కొత్త ఇంజను పిల్లిలా వస్తుంది, వచ్చి పక్కన నిలబడేదాకా తెలియదు. చెవులు రిక్కించి లాభం లేదు, కళ్లు కాయలు కాయాల్సిందే. ఫోను మోగింది. నవీను.

"అక్కా, గుర్ల దాటినాను. ఇక్కడ లారీ ఒకటి రోడ్డు కిందకి దిగిపోనాది. జనం మూగున్నారు. ఉండండి, సూసి సెప్తాను."

కారుందా అక్కడ, మన కారుందా అని అరిచింది. అప్పటికే ఫోను తెగిపోయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేసింది. లారీ రోడ్డు కిందకి దిగిపోవడమేమిటి, ఎవరిని తప్పించబోయి దిగింది, పక్కన ఏముంది, పాలమీగడ రంగు కారుంటే చూడగానే తెలియదా, చూసి చెప్తాననడం ఏమిటి, చూడటానికి ఏం మిగల్లేదా. గేటు పక్క సిమెంటు దిమ్మ మీద కూలబడింది. తొక్కి ఉంటాడు. ఎదురుగా ఏదో వస్తోంటే, దాటెయ్యగలనని, కొత్త ఇంజను కదా అని, కడ్డీ ఉన్న కాలితో గట్టిగా తొక్కి ఉంటాడు. కారు తన మాట విని ఉంటుంది, ఆయన మాట వినకుండా తన మాట విని ఉంటుంది. ఆ క్షణాన ఆయనేమనుకుని ఉంటాడు. ఏమైందే నీకు అని కారుని అడిగి ఉంటాడు. రాజీ ఏంచేశావే అని అడిగి ఉండడు, అడగడానికి తెలియాలి కదా. తల్లీ, ముడుపు విప్పేస్తాను, మొక్కు వెనక్కి తీసుకో, నన్నేమైనా చెయ్యి, నా కళ్లు తీసుకో, ఆయన వంద మీద రానీ, రెండొందల మీద రానీ, రానీ చాలు. ఇచ్చిన మొక్కు వెనక్కి అడిగితే తల్లికి కోపం రాదా, వస్తే రానీ. నీకు పిల్లలున్నారు కదే రాజీ, మొగుడి మీద మొక్కులేమిటే నీకు, మాట్లాడుకుంటే సరిపోయేదానికి. ఏడుపు రాలేదు. లేచి చెప్పులు వేసుకుంది. ఆటో పిలుద్దామని చెయ్యెత్తింది.

ఎత్తిన చేతి ముందు కారు ఆగింది. రామతీర్థం రోడ్డు వైపు నుంచి చడీచప్పుడూ లేకుండా వచ్చి ఆగింది, మొహం మీద పసుపు బొట్లు, ముందద్దం వెనక కొబ్బరి చిప్ప, స్టీరింగు వెనక తిరుమలరావు. కొత్త చొక్కా నిండా బురద. ఆమె చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

ఆయన దిగలేదు. కిటికీలోంచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహం వెలిగిపోతోంది. మాట మీద మాట పడిపోతోంటే చెప్పాడు. గుర్ల దాటాక ముందు లారీ ఉందట, దాటేద్దామని పక్కకి తీసి తొక్కాడట, కారు ఎనభై దాకా వచ్చి ఇంక రాలేదట. ఎంత తొక్కినా రాలేదట. సరే అని వెనక్కి తగ్గాడట, తగ్గీ తగ్గగానే లారీ ముందు టైరు ఢామ్మని పేలి, తను పక్కన ఉండాల్సిన చోటికే అడ్డంగా వచ్చి పొలంలోకి దిగిపోయిందట. డ్రైవర్ని తనే బయటికి లాగాడు, చిన్న దెబ్బలే, అంబులెన్సు ఎక్కించాక రామతీర్థం వైపు మళ్లి రాముడి గుళ్లో కొబ్బరికాయ కొట్టి మరీ వచ్చాడు.

"ఆయనే రాజీ. నాన్నే ఆపీనాడు. ఎనభై కాడ, అప్పట్నాగే. ఇంజను మార్సినా, సక్రాలు మార్సినా, ఇది నాన్న కారే."

ఇత్తడి గుండు మీద ఆయన అరచెయ్యి ఉంది, అచ్చం మావయ్య పెట్టుకున్నట్టే ఉంది. ఇన్నాళ్లూ గుచ్చుకున్న ముల్లు ఊడిపోయిన మొహం అది. పెళ్లైన ఇన్నేళ్లలో అంత చిన్నపిల్లాడిలా ఆయన్ని చూడలేదు. ఊరుకుంటే సరిపోతుంది. ఆమెకి ఆ సంగతి వెంటనే తెలిసింది. తల్లి కాపాడింది, మొక్కు చెల్లింది, మావయ్య ఆపాడు, అందరూ మంచివాళ్లే, నవీను నోరు మూయించడం ఎంత పని. ఊరుకో రాజీ, ఆ సంతోషం ఆయనకి ఉండనీ. కానీ టైరు పేలకపోతే? పక్కన లారీ, ఎదురుగా బస్సు ఉంటే? ఇవాళ ఆగడం మంచిదైంది, రేపు ఆగితే చస్తాడు. మావయ్యే ఆపాడనుకుని, నాన్న చూసుకుంటాడులే అని ధైర్యంగా ఎదురెళ్లి మరీ చస్తాడు. ఆ ముసలాయన మీద అంత భారం పెట్టడం కూడా అన్యాయం.

"బావా, ఆపింది మావయ్య కాదు. నాను."

చెప్పేసింది, ముడుపూ నంబరూ తల ఊపూ అన్నీ, మధ్యలో ఆగితే ఇంక చెప్పలేనని ఒక్క గుక్కలో. ఆయన వింటూ వింటూ గుండు మీంచి చెయ్యి తీసేశాడు. ఆ వెలుగు ఆరిపోవడం ఆమె కళ్లారా చూసింది, చూడకుండా తల తిప్పుకోవాలనిపించింది గానీ తిప్పుకోలేదు. రోడ్డు మీద లారీలు పోతున్నాయి, ఒక్కొక్క లారీని కంటితో దాటి చూస్తున్నట్టున్నాడు, దాటగలిగేవాణ్నా లేదా అని.

"మొక్కింది నువ్వు, తొక్కేది నాను," అన్నాడు చివరికి. కోపం లేదు, అదే భయంగా ఉంది. "మద్దెన నన్నో మాట అడగాలని తోసనేదేటే?"

"అడిగితే ఒప్పుకుందువా?"

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, అబద్ధం చెప్పేస్తే తేలికగా తేలిపోయే చోట కుడి మోకాలు రుద్దుకుంటూ ఆలోచించాడు.

"ఒప్పుకోను," అన్నాడు. చెయ్యి చాచి ఎడమవైపు తలుపు గడియ తీశాడు. "ఇప్పుడడుగు."

ఆమె అటువైపు తిరిగి వెళ్లి ఎక్కి కూర్చుంది. ఆ సీటు కొత్తది, తలుపు పాతది, దాని లోపలి చెక్క మీద చిన్నప్పుడు తను గోటితో గీసిన గీత రంగు కిందనించి తెలుస్తోంది. ఎనభై దాటొద్దు బావా, నాకు భయం అంది. ఇన్నేళ్లలో ఆ మాట ఇలా నోరు విడిచి అడగలేదని అన్నాక తెలిసింది. ఆయన ఊఁ అనలేదు, తల ఊపలేదు, అలాగేనే దాటను అని పూర్తిగా మాట చెప్పాడు. నవీనుకి ఫోన్ సేసి నంబరు తీసీమను, దాటకుండా నాను సూసుకుంటాను అన్నాడు. ఫోను చెయ్యబోతే అంకెలు కనపడలేదు, అంతా నీళ్లు. పెళ్లినాడు లోపల ఉండిపోయిన ఏడుపు ఒక్కసారిగా బయటికి వచ్చింది, మావయ్య చెప్పిన పెద్ద గొంతుతోనే వచ్చింది, గేదెల ముసలాయన రోడ్డవతల ఆగి మరీ చూశాడు. తిరుమలరావు ఓదార్చలేదు. ఫోను తనే తీసుకుని నవీనుకి రెండు ముక్కలు చెప్పి ఒళ్లో పడేశాడు, కారు తిప్పి ఇంటిదారి పట్టించాడు. వెనకాల ఆటోవాడు హారను మోగిస్తూనే ఉన్నాడు, సైకిళ్లు దాటిపోతున్నాయి, ఇత్తడి గుండు మీద అరచెయ్యి కదలకుండా ఉంది. ఆమె ఏడుపు ఆగేదాకా ఆయన మూడో గేరు వెయ్యలేదు.